గిరాకీ వేరు, గిట్టుబాటు వేరు



పదవీ విరమణ చేసిన సాటి ఉపాధ్యాయుల నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. "అంతర్జాల వాడకం ఏటేటా పెరిగేదే గాని తరిగేది కాదు. కనుక బ్యాండ్‌విడ్త్ అమ్మే కంపెనీ వాటాలు కొని మనుమల పేర దాచితే బంగారమే" అని. ఈ వాక్యంలో పూర్వార్ధం సత్యం. ఉత్తరార్ధం మాత్రం దాని నుండి పుట్టదు. తర్కశాస్త్రంలో దీనిని హేత్వాభాసం అంటారు. జీవితకాలపు గ్రాట్యుటీని ఒక హేత్వాభాసం మీద నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

మా గణపవరం ప్రాంతంలో ఈ పాఠం చెప్పడానికి చేపల చెరువులే చాలు. చేప తినేవారు పెరిగారు, నిజమే. కాని అందరూ వరిచేలు తవ్వి చెరువులు చేసి, అందరి పంటా ఒక్కసారి పట్టుబడికి వచ్చినప్పుడు కిలో ధర ఏమవుతుందో రైతునడగండి. బ్యాండ్‌విడ్త్ చేపకంటె చిత్రమైన సరకు. చేప పెరగాలంటే మేత కావాలి. సముద్రగర్భంలో పరచిన గాజుపోగు మాత్రం, ఒడ్డునున్న యంత్రాలు మార్చితే చాలు, మునుపటికి ఎన్నో రెట్లు మోస్తుంది. కొత్త తీగ వేయకుండానే సరకు పెరిగితే ధర నిలిచేదెట్లు?

ఫ్లాగ్ అనే సముద్రతీగ కథ చూడండి. 1990లలో దాని మొదటి మార్గానికే సుమారు 150 కోట్ల డాలర్లు వెచ్చించారు. 2002లో ఆ కంపెనీ దివాలా తీసింది. 2004లో రిలయన్స్ దానిని సుమారు 20 కోట్ల డాలర్లకు చేజిక్కించుకున్నది. అంత చౌకగా కొన్నవారైనా బాగుపడ్డారా? 2019లో రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అదే ఏడు ఆ తీగల కంపెనీ కూడా అమెరికా న్యాయస్థానంలో దివాలా రక్షణ కోరింది. ఈ పదిహేడేళ్ళలో అంతర్జాల వాడకం తగ్గలేదు, ఊహకందనంత పెరిగింది. తీగ ఒకటే, దివాలాలు రెండు!

"మరి వి.ఎస్.ఎన్.ఎల్. మాటేమిటి?" అంటారు. మంచిదే. 2002 ఫిబ్రవరిలో ప్రభుత్వం అందులో 25 శాతాన్ని వాటా 202 రూపాయల చొప్పున టాటాలకు అమ్మింది. 2021 మార్చిలో, టాటా కమ్యూనికేషన్స్‌గా మారిన ఆ సంస్థలో తన మిగులు వాటాలను అమ్మకానికి పెట్టినపుడు కనీస ధర 1161 రూపాయలు. డివిడెండ్లు మినహాయిస్తే సాలుకు సుమారు తొమ్మిదిన్నర శాతం. ఆ కాలంలోనే ఎన్నో ఏళ్ళు మన జీపీఎఫ్ నిద్రాభంగం లేకుండా 8 శాతం ఇచ్చింది. బతికి బట్టకట్టిన మేటి సంస్థ సంగతే ఇది. మునిగిన వాటిని కలుపుకుంటే సగటు ఎక్కడ తేలుతుందో మీరే లెక్కవేయండి.

నీటికైనా ఇదే న్యాయం. ధవళేశ్వరం ఆనకట్ట విజయం చూసిన ఉత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలువ తవ్వింది. కరువుసీమ, నీటికి కొదవ ఉన్న నేల. అయినా రైతులు అనుకున్నంతగా నీరు కొనలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను తీసుకోవలసి వచ్చింది. ఆ వాటాదారులకు సర్కారు వడ్డీ హామీ అయినా ఉండేది. మన వాటాలకు ఎవరి హామీ ఉన్నది?

వాటాలు కొనవద్దని నేననను. కొనేముందు మూడు ప్రశ్నలు వేయండి: అప్పెంత? ధర నిలబెట్టుకోగల బలమేది? పాత యంత్రాలు మార్చగా మిగిలేదెంత? వీటికి బదులు చెప్పలేక "వాడకం పెరుగుతుంది కదా" అనేవారికి నా జవాబు ఒక్కటే. కాలువ పారితే పండేది చేను. కాలువ తవ్వినవాడి గాదె నిండుతుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.