ఇంటి పనులు: కూర్చునే బల్ల



ఇంటికి నలుగురు వస్తే కుర్చీల కోసం ప్రక్కింటికి పిల్లలను పంపే అవస్థ మనలో చాలామందికి తెలిసినదే. మేమును అలాగే పంపేవారము. చివరకు 2016 వేసవిలో అరుగు మీద వేసికొనడానికి ఒక చెక్కబల్ల మా చేతులతోనే చేసికొన్నాము. చూడడానికి బాగానే ఉన్నది. అయితే అది మా అత్తగారిని పడవేసినది.

అందంగా ఉంటుందని కాళ్లను రెండు చివరల నుండి అడుగుకు పైగా లోపలికి జరిపి బిగించాము. ఒక సాయంత్రం ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు ఒక్కసారిగా లేచారు. ఈ చివర ఉన్న అత్తగారి బరువుకు ఆ చివర పైకి లేచినది. ఆమె జారి పడగా మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. మమ్మును ఒక్క మాట కూడా అనలేదు. అంటే కొంత తేలికగా ఉండేదేమో.

మా ఊరి వడ్రంగి ఆచారిగారికి ఆ బల్ల చూపించాము. ఆయన చివరన అరచేయి ఆనించి నొక్కి, "అయ్యగారూ, మనుషులు నిండా ఉంటే ఏ బల్లయినా నిలబడుతుంది. ఒక్కరే మిగిలినప్పుడు చూసుకోవాలండి" అన్నారు. ఆయన ప్రక్కన ఉండి చెప్పగా మేము మరల చేసిన బల్ల సంగతి ఇప్పుడు వ్రాస్తున్నాము.

పొడవు 4 అడుగులు, వెడల్పు 1 అడుగు, ఎత్తు 18 అంగుళాలు. ఇంతకంటె తక్కువ ఎత్తయితే మోకాళ్ల నొప్పులున్నవారు లేవలేరు. కావలసినవి నాలుగే ముక్కలు: పైపలక ఒకటి, కాళ్లుగా నిలిచే 11 అంగుళాల వెడల్పు పలకలు రెండు, ఆ రెంటినీ కలిపే 4 అంగుళాల పట్టీ ఒకటి. అన్నిటి మందము అంగుళంన్నర. లెక్క వేస్తే ఒక ఘనపుటడుగు కలప అవుతుంది. కోతలలో పోయేది కలిపి ఒకటింపావు తీసికొనండి.

క్రొత్త టేకు కొనే పని లేదు. కలప అడితిలో పాత తలుపుల చెక్క అడగండి. అది ఏండ్ల తరబడి ఆరి ఉంటుంది గనుక మెలి తిరగదు. పచ్చి చెక్కయితే అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని వడ్రంగుల లెక్క. కోసే ముందు అయస్కాంతముతో పాత మేకులు వెదకండి. మేము వెదకక ఒక రంపము పండ్లు పోగొట్టుకొన్నాము, అది కూడా ఎరువు తెచ్చినది! వేపచెక్కయినా మంచిదే. కాని చేవ ఉన్నదే ఎంచుకొనండి, అంచున ఉండే తెల్లచెక్కను పురుగు తినివేస్తుంది.

కాళ్లు చివరల నుండి 6 అంగుళాలకు మించి లోపలికి పోకూడదు. అప్పుడు చివర కూర్చున్నవారి బరువు దాదాపు కాలి మీదనే పడుతుంది.

మా మొదటి బల్లకు మరొక తప్పు కూడా ఉన్నది. పైపలక క్రింద అడ్డపట్టీలు జిగురు పెట్టి మేకులతో బిగించాము. చెక్క వానాకాలములో వెడల్పుకు ఉబ్బి, ఎండాకాలములో ముడుచుకొంటుంది. పొడవులో మాత్రము దాదాపు మారదు. అడ్డపట్టీ కదలనివ్వనందున పలక నడిమికి చీలినది. రెండవసారి కాళ్ల పలకలను పీచు నిలువుగా ఉండేటట్లు నిలబెట్టాము. అప్పుడు కాలి వెడల్పు, పైపలక వెడల్పు కలిసే ఉబ్బుతాయి, కలిసే ముడుచుకొంటాయి. ప్రతి కాలి పైన రెండు కుసులు తీసి, పైపలకకు తొలిచిన రంధ్రాల గుండా పైకి రానిచ్చి, కుసి కొనలో రంపపు గాటు పెట్టి సన్నని చెక్క చీలిక కొట్టాలి. ఆ చీలిక బల్ల పొడవుకు అడ్డంగా ఉండాలి. పొడవు వెంబడి కొట్టారా, గొడ్డలి పెట్టినట్లే పలక విచ్చిపోతుంది. ఇక్కడ ఆచారిగారు మా చేతిలోని సుత్తి లాగుకొన్నారు.

కాళ్లను కలిపే పట్టీని కూడా అలాగే కుసి తీసి, పైపలకకు కొంచెము క్రిందుగా, నిలువుగా బిగించండి. అది లేకుంటే బల్లను ఈడ్చినప్పుడు కాళ్లు ప్రక్కకు వాలిపోతాయి.

మన అరుగులు, బండలు ఎక్కడా సమముగా ఉండవు. అందుచేత ప్రతి కాలి అడుగున నడుమ భాగము కోసివేసి రెండు మూలలే నేలను తాకనివ్వాలి. ఊగులాట ఉంటే పొడవైన మూలనే కొద్దికొద్దిగా చిత్రిక పట్టండి. పొట్టిదాని క్రింద అట్టముక్క పెట్టి సరిపెట్టుకొనకండి, అది వారము నిలవదు.

ఉప్పుకాగితముతో అంచులన్నీ గుండ్రము చేసి, అవిసెనూనె పలుచగా రెండుసార్లు రుద్దాము. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడవేయవద్దు, తనంతట తానే వేడెక్కి అంటుకొనగలదు. విప్పి ఆరవేయండి.

బల్ల పూర్తయిన దినమున మా అత్తగారు వచ్చి, మొదట చివరన చేయి ఆనించి గట్టిగా నొక్కి చూచారు. తరువాత కూర్చున్నారు. నేటికీ కూర్చునే ముందు అలాగే నొక్కి చూస్తారు.