తెరచాప భక్తులకు, ఇంజను పక్షాన

తెరచాపను ఆరాధించేవారిలో ఒక శాఖ ఉన్నది. వారికి గాలి దైవం, తెరచాప విగ్రహం, ఇంజను మైల. పడవ అడుగున ఒక పెట్టెలో ఇంజనున్న మాట ఎవరైనా ఎత్తితే ముఖం అదోలా పెడతారు. "ఏదో రేవు దాటడానికేనండీ" అంటారు, పెద్దలకు తెలియకుండా దాచుకున్న చుట్ట గురించి చెప్పినట్టు. ఈ టపా వారి మీద. కిందటిసారి ప్రొపెల్లరు గురించి రెండు ముక్కలు రాస్తే, "తెలుగు పండితులకు గ్రీజుతో పనేమిటి మాస్టారూ?" అని వ్యాఖ్య రాసిన సాహితీమిత్రులు కూడా, కోపం లేకుండా, దీన్ని తమకూ జవాబుగా స్వీకరించగలరు.

ఉద్యోగ విరమణ అయ్యాక ఏటా కొన్ని నెలలు మేరీలాండులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడికి చెసాపీక్ అఖాతంలో ఒక పాత పడవ ఉన్నది. 27 అడుగుల పొడవు, ఫైబరుగ్లాసు దేహం, 1970లలో పుట్టినది. అందులోని ఇంజను పేరు అటామిక్ ఫోర్. అణుశక్తికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నాలుగు సిలిండర్లు, 30 అశ్వశక్తి, పెట్రోలుతో నడుస్తుంది. 1940ల చివరి నుంచి 1980ల నడుమ దాకా అమెరికాలో ఇలాంటివి 40,000కు పైగా తయారైనాయని చెబుతారు. వాటిలో చాలా ఇంజన్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. నడవనివాటిలో ఎక్కువ భాగం వయసుతో చచ్చినవి కావు, చంపబడినవి.

భక్తుల వాదం నాకు తెలుసు. జాషువా స్లోకమ్ 1895 నుంచి 1898 దాకా ఒంటరిగా భూమిని చుట్టివచ్చినప్పుడు ఇంజనున్నదా? లేదు. లిన్, లారీ పార్డీ దంపతులు దశాబ్దాల తరబడి సముద్రాలు దాటిన రెండు పడవల్లోనూ ఇంజను లేదు గదా? నిజమే, లేదు. అయితే వారికి లేనిది ఇంజను మాత్రమే. గాలి పడిపోయినప్పుడు పడవను నడపడానికి పార్డీలకు పొడవాటి తెడ్డు ఉన్నది, దాన్ని గంటల తరబడి ఆడించే ఓపిక ఉన్నది, గాలి వచ్చేదాకా లంగరు వేసుకుని ఆగగల తీరిక ఉన్నది. మన భక్తులకు తెడ్డూ లేదు, సోమవారం ఆఫీసూ తప్పదు. లేకపోవడం వేరు, ఉన్నదాన్ని పాడుపెట్టుకోవడం వేరు. పాడుబడిన ఇంజను గల పడవ కష్టానికి రెండువైపులా పాత్రమవుతుంది. ఆ బరువంతా మోస్తుంది, ప్రొపెల్లరును నీళ్ళలో ఈడ్చుకుంటూ వేగం పోగొట్టుకుంటుంది, అవసరం వచ్చిన నిమిషాన మాత్రం పలకదు. ఆ నిమిషం నడి అఖాతంలో రాదు. ఇరుకు కాలువలో, ఎదురు పోటులో, వెనకనుంచి పెద్ద ఓడ వస్తుండగా వస్తుంది.

కోనసీమ కాలువల మీద తెరచాప పడవలు తిరిగిన రోజుల్లో గాలి పడిపోతే పడవవాళ్ళు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడిచి లాగేవారు. తెరచాపకు అవమానం జరిగిందని ఎవరూ బాధపడలేదు. తాడు తెగకుండా చూసుకోవడం కూడా పడవ నడపడంలో భాగమే. ఇంజను ఆ తాడు వంటిది.

ఇక వారు తొంగిచూడని చోటికి వెళదాం, నీటి అడుగుకు. ప్రొపెల్లరును కంచు అంటారు. అంగడిలో దాని పేరు మాంగనీసు బ్రాంజు. పేరు చూసి మోసపోరాదు. కంచంటే రాగి, తగరం. ఇందులో సుమారు అరవై పాళ్ళు రాగి, నలభై పాళ్ళకు కాస్త తక్కువగా తుత్తునాగం, మిగతావి చిటికెడు. అంటే ఇది ఇత్తడి. శబ్దార్థాల పట్టింపు పండితుల చాదస్తమనుకునేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. కంచని నమ్మినవాడు నిశ్చింతగా ఉంటాడు. ఇత్తడని ఎరిగినవాడు భయపడతాడు, ఎందుకంటే ఉప్పునీటిలో ఇత్తడిలోని తుత్తునాగం మెల్లగా కారిపోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. పసుపు రంగుండవలసిన రెక్క గులాబిరంగుకు తిరుగుతుంది. చిన్న సుత్తితో తట్టి చూడండి. మంచి రెక్క గణగణమంటుంది, చెడినది దబ్బున పలికి ఊరుకుంటుంది. దీన్ని కనిపెట్టడానికి మా ఊరి కంచరి చెవులు చాలు.

దీనికి విరుగుడు చవకలో చవక. షాఫ్టు మీద తుత్తునాగపు ముక్క ఒకటి బిగిస్తారు. షాఫ్టు ఉక్కు, రెక్క ఇత్తడి, చుట్టూ ఉప్పునీరు; కలిస్తే చిన్నపాటి బ్యాటరీయే. ఆ బ్యాటరీ తినడానికి ఏదో ఒకటి కావాలి. తుత్తునాగం ముందు నిలబడి తాను కరుగుతుంది, వెనకవాటిని కాపాడుతుంది. ఇది సగం తరిగేసరికి మార్చాలి. ఉప్పు తక్కువగా ఉండే చోట అల్యూమినియం ముక్క మేలు, పూర్తి మంచినీటిలో మెగ్నీషియం. దాని మీద రంగు వేయకూడదు. రంగు వేస్తే అది తినబడదు, తినబడకపోతే దాని ఉద్యోగమే లేదు. పడవ అందంగా ఉండాలని అడుగంతా ముద్దగా రంగు పూసి, ఈ ముక్కను కూడా పూసినవారిని నేను కళ్ళారా చూశాను. వారి తెరచాపలు మాత్రం మల్లెపూవుల్లా ఉన్నాయి!

వేగం కోసం తహతహలాడేవారు రెక్కలు ముడుచుకునే ప్రొపెల్లరు కొంటారు. మంచిదే, తెరచాప మీద పోతున్నప్పుడు నీటి పట్టు తగ్గుతుంది. అయితే ఆ కీలులో బార్నకిల్సు అనే గుల్లపురుగులు కాపురం పెడితే రెక్క తెరుచుకోదు, లేదా ఒకటే తెరుచుకుని పడవంతా వణుకుతుంది. సొమ్ము పోసి కొన్నవాడు నెలకొకసారి నీళ్ళలో దిగి గీకడు. దిగితే మైల గదా! చెసాపీకులో పీతల బుట్టలకు కట్టిన తాళ్ళు వేసవి అంతా తేలుతుంటాయి. ఒక్కటి షాఫ్టుకు చుట్టుకుంటే ఇంజను బిగుసుకుంటుంది, కొన్నిసార్లు షాఫ్టు తిరగడమే కాదు, దాని వరస కూడా తప్పుతుంది. వరస సరిచూడడం పడవ నీటిలో ఉండగానే చేయాలి. గట్టున దిమ్మెల మీద నిలబెట్టిన పడవ ఆకారం కొంచెం మారుతుంది, అక్కడ సరిచేసిన కొలత నీటిలో తప్పుతుంది. రెండు కప్లింగు పళ్ళేల నడుమ సందు చుట్టూ ఒకే తీరుగా ఉండాలి. తేడా మిల్లీమీటరులో పదోవంతు దాటితే ఒప్పుకోకూడదు.

షాఫ్టు దేహాన్ని చీల్చుకుని బయటికి వచ్చే చోట స్టఫింగు బాక్సు ఉంటుంది. అందులోని ప్యాకింగు తాడు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. ఆ చుక్కే దాన్ని చల్లబరుస్తుంది. చుక్క కనబడగానే కంగారుపడి బిగదీసేవారు షాఫ్టును గీతలు పడేలా కోస్తారు.

ఇంజను పెట్టె తెరిస్తే మొదటి పరికరం ముక్కు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు, పడవ అడుగున చేరి కాచుకుని ఉంటుంది. ఇంజను తిప్పబోయే ముందు 4 నిమిషాలు బ్లోయరు ఆడించమని పడవల మీది హెచ్చరిక ఫలకమే చెబుతుంది. ఆ నాలుగు నిమిషాలకు ఓపిక లేనివారు పెట్రోలు ఇంజనుకు దూరంగా ఉండడమే న్యాయం. నీటిని తోడే రబ్బరు ఇంపెల్లరు ఏడాదికొకటి మార్చాలి. తునిగిన రెక్క ముక్క కనబడకపోతే అది చల్లనీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉన్నదని అర్థం, వెతికి తీయవలసిందే. ఇంజను అంటుకోకుండా సతాయిస్తుంటే సముద్రపు నీరు వచ్చే వాల్వు మూసి తిప్పాలి. లేదంటే పంపు నీటిని తోస్తూనే ఉంటుంది, తోసివేయడానికి పొగ ఉండదు, సైలెన్సరు నిండి ఆ నీరు సిలిండర్లలోకి ఎక్కుతుంది. "పాత ఇంజను, నీళ్ళు మింగి చచ్చింది" అని తీర్పు చెప్పిన సందర్భాల్లో ఎన్నిటికి ఈ మూయని వాల్వు కారణమో విచారించినవారున్నారా?

శీతకాలంలో అక్కడ నీరు గడ్డకడుతుంది. లోపల మిగిలిన చెంబెడు నీరు చాలు, ఇనుప బ్లాకును పగలగొట్టడానికి. గులాబిరంగు యాంటీఫ్రీజు పోయకుండా చలికాలం గడిపితే వసంతంలో కొత్త ఇంజను కొనుక్కోవలసిందే. పాత నూనె కూడా అటకెక్కించే ముందే మార్చాలి, తరువాత కాదు. అందులో పేరుకున్న ఆమ్లాలు శీతకాలమంతా బేరింగుల మీద కూర్చుంటాయి.

ఇంజనును తీసి పారేయమనే రెండో వర్గం వేరే ఉన్నది. ఒక బాగుచేసే చోట మావాడి ఇంజను పెట్టె మూత కూడా తీయకుండా "పాతది, దండగ, కొత్త డీజిలు పెట్టించండి" అన్నారు. ఆ ఖర్చు పడవ ధరను మించుతుంది. డీజిలు ఆవిరి పెట్రోలులా పేలదు, అది ఒప్పుకోవలసిన గొప్ప గుణం. మహాసముద్రం దాటేవారు డీజిలే పెట్టుకోవాలి, వాదించను. కానీ ఇంపెల్లరు మార్చనివాడు డీజిలును మాత్రం బతకనిస్తాడా? మూత తీయకుండా చెప్పిన తీర్పుకు సొమ్ము చెల్లించనక్కరలేదని మావాడితో అన్నాను. సిలిండర్ల కంప్రెషను కొలిపించాము. నాలుగూ దగ్గర దగ్గరగా సమానంగా ఉన్నాయి. కార్బురేటరులో మాత్రం ఇథనాలు కలిసిన పెట్రోలు తెచ్చిన నీరూ బంకా పేరుకుని ఉన్నాయి. విప్పి, కడిగి, బిగించేసరికి ఒక మధ్యాహ్నం పట్టింది.