సాక్ష్యం చెప్పలేనివాళ్ల కోసం ఒక నవల

ప్రార్థన కూటాలకి వెళ్లేవాళ్లకి ఈ సీన్ తెలిసిందే. పాటలయ్యాక "సాక్ష్యాలుంటే చెప్పండి" అంటారు. ఒకరు వీసా వచ్చిందంటారు. ఇంకొకరు స్కానింగులో గడ్డ కనపడలేదంటారు. అందరం చప్పట్లు కొడతాం. ఎంత ప్రార్థించినా వీసా రానివాళ్లు, గడ్డ కరగనివాళ్లు కూడా ఆ చాపల మీదే కూర్చుని ఉంటారు. వాళ్ల చేతికి మైకు వెళ్లదు. వెళ్లినా ఏం చెప్తారు?

నేనూ అలా కూర్చున్నదాన్నే. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు పదకొండు రోజులు ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన చేశాం. పన్నెండో రోజు నాన్న పోయారు. పలకరించడానికి వచ్చినావిడ ఒకరు "మీలో విశ్వాసం ఎక్కడో తగ్గిందమ్మా" అన్నారు. ఆ తర్వాత చర్చి మానలేదు గానీ, కళ్లు మూసుకుంటే అటువైపు వినేవాళ్లెవరూ లేరనే అనిపించేది.

అప్పుడు చదివిందే జపాన్ రచయిత షుసాకు ఎండో నవల 'సైలెన్స్'. 1966లో వచ్చింది. 2016లో మార్టిన్ స్కోర్సెసీ సినిమాగా తీశాడు. కథ జరిగేది 17వ శతాబ్దపు జపాన్‌లో. అప్పుడక్కడ క్రైస్తవం నిషేధం. అనుమానం వచ్చినవాళ్ల ముందు క్రీస్తు బొమ్మో మరియమ్మ బొమ్మో ఉన్న పలక పెట్టి తొక్కమనేవారు. దాన్ని 'ఫుమియె' అంటారు. ఇది రచయిత ఊహ కాదు, చరిత్రలో నిజంగా జరిగిందే. నవలలో రోడ్రిగ్స్ అనే పోర్చుగీసు కుర్ర ఫాదర్ అక్కడికి రహస్యంగా వెళ్తాడు. తనని దాచిపెట్టిన పల్లెటూరివాళ్లని సముద్రంలో పాతిన కొయ్యలకి కట్టేస్తే, వాళ్లు అలల దెబ్బలకి నెమ్మదిగా చనిపోతారు. అది చూశాక అతనికి ఒకటే ప్రశ్న: దేవుడు ఎందుకు మాట్లాడడు?

కానీ నన్ను పట్టేసింది కిచిజిరో. వీడు పిరికివాడు. ప్రాణమ్మీదికొస్తే బొమ్మ తొక్కేస్తాడు. ఫాదర్‌నే పట్టిస్తాడు. మళ్లీ ఏడుస్తూ వెనకాలే వచ్చి పాపాలు ఒప్పుకుంటానంటాడు. మొదట చిరాకేసింది. సగం పుస్తకం అయ్యేసరికి వీడు నాకు బాగా తెలిసినవాడే అనిపించింది. పేతురు మూడుసార్లు 'ఎరగను' అన్నాడని సండే స్కూల్లోనే నేర్చుకున్నాం. అయితే ఆ రాత్రిని గబగబా దాటేసి ధైర్యం వచ్చిన పేతురు దగ్గరికి వెళ్లిపోతాం. ఎండో మాత్రం ఆ రాత్రి దగ్గరే నన్ను కూర్చోబెట్టాడు.

ఎండోకి చిన్నప్పుడే వాళ్లమ్మ బాప్తిస్మం ఇప్పించింది. ఆ విశ్వాసం, ఆవిడ తొడిగిన ఒంటికి సరిపోని సూటులా ఉండేదని తనే చెప్పుకున్నాడు. విప్పి పడేయలేదు. తన కొలతలకి తగ్గట్టు సరిచేసుకుంటూ జీవితమంతా రాశాడు.

నా ప్రశ్నకి నవల జవాబు చెప్పిందా? లేదు. నాన్న ఎందుకు పోయారో దానికీ తెలీదు. కానీ అలా అడిగినంత మాత్రాన నేను దేవుణ్ని వదిలేసినట్టు కాదని దానివల్లే అర్థమైంది. తర్వాత మళ్లీ బైబిల్ తీస్తే 88వ కీర్తన కంటపడింది. మొదట్నుంచీ మొరే. చీకటి మాటతోనే ముగిసిపోతుంది. అంతకుముందు ఎన్నిసార్లు దాన్ని దాటేశానో!

ఒక జాగ్రత్త. ఈ నవల వచ్చినప్పుడు జపాన్‌లోనే కొందరు క్రైస్తవులకి నచ్చలేదు. విశ్వాసం వదిలినవాడిని వెనకేసుకొస్తోందని వాళ్ల బాధ. అందులో న్యాయముంది. ప్రాణమిచ్చినవాళ్ల త్యాగం చిన్నదైపోకూడదు కదా. నవలని వాక్యంలా చదవొద్దు. మనలాంటి ఇంకో మనిషి మొరలా చదవండి. నచ్చని చోట వాదించండి.

పోయిన నెల కూటంలో నేను మైకు తీసుకున్నాను. "నాన్న బతకలేదు. నేనింకా ప్రార్థన చేస్తున్నాను" అని చెప్పి కూర్చున్నాను. చప్పట్లేం పడలేదు. అంతా అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మా అబ్బాయి కూడా అంతేనమ్మా" అంది. తొమ్మిదేళ్లయిందట. ఇప్పటిదాకా అక్కడ ఎవరికీ చెప్పలేదట.