రైతు సాయం ఎవరికి అందిందో ఊరికి తెలియాలా?

వ్యవసాయ సబ్సిడీలను జీఎస్-3లో, పారదర్శకతను జీఎస్-2లో విడివిడిగా చదువుతాం. ఈ రెండింటినీ కలిపే ప్రశ్న ఒకటుంది: ప్రభుత్వ సొమ్ము అందుకున్న రైతు పేరు బయటపెట్టాలా? పెట్టాలన్నది నా అభిప్రాయం. అయితే పేరు ఒక్కటే పెడితే చాలదు.

చట్టం ఏమంటోంది?

సమాచార హక్కు చట్టం-2005లోని సెక్షన్ 4(1)(బి) చూడండి. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రచురించాలని అందులో ఉంది. 2019 ఫిబ్రవరి 24న మొదలైన పీఎం-కిసాన్‌లో ఏడాదికి రూ.6,000 మూడు విడతలుగా ఇస్తారు. పోర్టల్‌లో గ్రామాలవారీ జాబితా కూడా ఉంది. అయినా 42 లక్షల మందికి పైగా అనర్హులకు దాదాపు రూ.3,000 కోట్లు వెళ్లాయని 2021 జూలైలో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. పక్కింటాయన పెద్ద పింఛను తీసుకునే రిటైర్డ్ ఉద్యోగి అని ఊరికి ముందే తెలుసు. కానీ జాబితాను ఊళ్లో ఎవరూ చదివి వినిపించకపోతే ఆ తెలివిడి ఎవరికీ పనికిరాదు.

పేరుతో పాటు మొత్తం ఎందుకు?

తెలంగాణ రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. ఎకరానికి సీజన్‌కు రూ.4,000, తర్వాత రూ.5,000 ఇచ్చారు. విస్తీర్ణానికి పరిమితి ఉండేది కాదు. ఆ రూ.5,000 లెక్కన రెండెకరాల రైతుకు ఏడాదికి రూ.20 వేలు, ఇరవై ఎకరాల ఆసామికి రూ.2 లక్షలు. కౌలు రైతుకు ఏమీ ఉండేది కాదు. ఎకరాలు, మొత్తం లేని జాబితాలో ఈ తేడా కనిపించదు.

గోప్యత మాటేమిటి?

ఇది తీసిపారేయదగ్గ వాదన కాదు. 2010 నవంబరు 9న యూరోపియన్ న్యాయస్థానం షెక్కే కేసులో, సాయం పొందిన వ్యక్తులందరి పేర్లనూ తేడా చూడకుండా ప్రచురించడం మితిమీరిన చర్య అంది. 2013లో అక్కడ కొత్త నిబంధనలు వచ్చాయి: చిన్న మొత్తాలు పొందేవారి పేర్లు మినహాయించి మిగతావి ప్రచురిస్తారు. ఆ సూత్రాన్ని ఇక్కడ పెడితే పీఎం-కిసాన్ జాబితా మొత్తం మాయమవుతుంది. నిజానికి ఇక్కడ జాబితాతో ఎక్కువ అవసరం చిన్న రైతుకే. తన సాయం ఆగిందా, పక్కదారి పట్టిందా అని చూసుకునే దారుల్లో అతనికి అదొకటి.

2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 44(3), సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించి వ్యక్తిగత సమాచారానికి మినహాయింపును విస్తరించింది. కానీ ప్రజాప్రయోజనం కోసం వెల్లడించే వీలిచ్చే 8(2) అలాగే ఉంది, సెక్షన్ 4 కూడా ఉంది. పరీక్షలో ఈ మూడూ కలిపి రాయండి.

జాబితాలో లేనివారు

నేను రాస్తున్నది దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్ నుంచి. 1966 భూ రెవెన్యూ, భూ సంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం ఈ దీవుల్లో భూమి కేంద్ర ప్రభుత్వానిది. సాగుదారు హక్కు రికార్డులో ఎలా నమోదైందన్నదే కీలకం. రికార్డుకెక్కకుండా దున్నుకునే మనిషి లబ్ధిదారుల్లోనూ కనిపించడు, అనర్హుల్లోనూ కనిపించడు. కౌలు రైతుదీ ఇదే పరిస్థితి. అందుకే డబ్బు అందినవారి జాబితా సగం పారదర్శకతే.

ఏం చేయాలి?

1. పేరు, ఊరు, విస్తీర్ణం, మొత్తం చూపాలి. ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా వివరాలు దాచాలి.
2. తిరస్కరించిన దరఖాస్తులు, కారణం, అప్పీలు ఎక్కడ చేయాలో ప్రచురించాలి.
3. ఉపాధి హామీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నడిపిన సామాజిక తనిఖీల తరహాలో గ్రామసభలో చదవాలి. మా దీవుల్లోనైతే హిందీతో పాటు తెలుగు, బెంగాలీ, తమిళంలోనూ.

సాధన ప్రశ్న: “సబ్సిడీ లబ్ధిదారుల వెల్లడి గోప్యతకు భంగమా?” 150 పదాల్లో రాయండి. ముగింపులో “సమతుల్యత అవసరం” అని ఆపేయకండి. ఏది చూపాలో, ఏది దాచాలో చెప్పండి.