బెంగ ఇంటి భాషలో, వైద్యం వీధి భాషలో

"ఎన్న పణ్ణుదు?" కోయంబత్తూరు ఆస్పత్రుల్లో డాక్టరు రోగిని పలకరించే మాట ఇది. ఏం చేస్తోంది, ఎక్కడ బాధ అని. పీలమేడు నుంచో, దేవాంగపేట నుంచో వచ్చిన తెలుగింటి పెద్దావిడ తడుముకోకుండా తమిళంలోనే జవాబిస్తుంది: తలనొప్పి, నిద్ర పట్టదు, అన్నం సయించదు. చిన్నప్పటి నుంచీ వీధిలో మాట్లాడిన భాషే కదా, తడబాటు ఎందుకుంటుంది? కానీ ఇంట్లో చెల్లెలి పక్కన కూర్చుని చెప్పుకునేటప్పుడు ఆవిడ నోట వచ్చే మాటలు వేరు. దిగులు. బెంగ. గుబులు. లోలోపల కుమిలిపోవడం. ఈ మాటలు ఆస్పత్రి గడప తొక్కవు. డాక్టరు తలనొప్పికి మాత్ర రాస్తారు, బెంగ ఆవిడతో పాటే ఇంటికి తిరిగొస్తుంది.

2011 జనగణనలో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు, అంటే రాష్ట్ర జనాభాలో దాదాపు 6 శాతం. వీరిలో చాలామంది నిన్న మొన్న పనికోసం వెళ్లినవారు కారు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక పాలనకు పునాది వేసి, నాడును 72 పాళెయాలుగా విభజించిన కాలం నుంచీ తెలుగు కుటుంబాలు అక్కడ వేళ్లూనాయి. సైనికులుగా, రైతులుగా, నేతగాళ్లుగా విడతలు విడతలుగా వెళ్లినవారి సంతానం ఇది. కమ్మ, బలిజ, రాజకంబళం, దేవాంగ, అరుంధతీయ కుటుంబాలలో ఇప్పటికీ తండ్రిని 'నైనా' అని పిలిచే ఇళ్లున్నాయి. భాష ఇంట్లో మిగిలింది, లిపి మిగల్లేదు. తమిళనాడు ప్రభుత్వం 2006లో బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చేనాటికే చాలా ఇళ్లలో తెలుగు చదవడం, రాయడం పోయింది. మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. మానసిక ఆరోగ్య సేవల రూపకల్పనలో ఈ చిన్న విషయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లెక్కలోకి తీసుకోవలసిన అవసరం మాత్రం పెద్దదే. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో తమిళనాడువారు 19,834 మంది. మహారాష్ట్ర తర్వాత ఇదే పెద్ద సంఖ్య. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 అయితే తమిళనాడులో అది 25.9, రెట్టింపు కంటే ఎక్కువ. కారణాల్లో కుటుంబ సమస్యలది మొదటి స్థానం, అనారోగ్యానిది రెండోది. చనిపోయినవారి ఇంటి భాష ఏదో ఈ పట్టికల్లో ఉండదు. కాబట్టి తెలుగువారిలో ఎక్కువనో తక్కువనో ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఆ రాష్ట్రంలో ప్రతి పదిహేడు మందిలో ఒకరు తెలుగు ఇంటివారైనప్పుడు ఈ దుఃఖంలో వారి వాటా కూడా ఉంటుందన్నది మాత్రం కాదనలేని సంగతి.

సాయం దొరకని ఊళ్లు కావు ఇవి. మదురైలో మానసిక వైద్యుడు సి. రామసుబ్రమణియన్ 1992లో స్థాపించిన ఎం.ఎస్. చెల్లముత్తు ట్రస్టు ఉంది. ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రిలో, కోయంబత్తూరు మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలైనప్పుడు ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో ఒకటి తిరుచ్చి, ఇంకొకటి మెదక్. తమిళనాడు, తెలుగునాడు ఈ దారిలో ఒకేసారి అడుగు పెట్టాయన్నమాట. అయినా బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో తమిళనాడుతో సహా 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో తేలిందేమిటి? పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆస్పత్రి ఉన్నంత మాత్రాన సరిపోదు. అక్కడిదాకా మనిషిని నడిపించే చెయ్యి కావాలి, అంతకుముందు వినే చెవి కావాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ రోగికి ఒక హక్కు ఇచ్చింది. తన జబ్బు గురించి, చికిత్స గురించి తనకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో తెలుసుకునే హక్కు అది. కోయంబత్తూరు తెలుగువారికి తమిళం అర్థమవుతుంది కదా, ఇంకేం కావాలి అని అధికారి అనవచ్చు. చట్టం అక్షరానికి ఆ జవాబు సరిపోతుంది. ఆచరణలో చాలదు. వినడానికి సరిపోయే భాష వేరు, విప్పుకోవడానికి కావలసిన భాష వేరు. మతిమరుపు జబ్బు ముదిరిన వృద్ధుల్లో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రెండు భాషలు వచ్చినవారు ఆ దశలో తరచూ మొదటి భాషలోకి వెళ్లిపోతారని వైద్యులకు తెలుసు. తమిళం తప్ప రాని మనవడి ఎదుట నాయనమ్మ తెలుగులో ఏదో అడుగుతుంది. మంచినీళ్లు అడిగిందో, చనిపోయిన అన్నను పిలిచిందో పిల్లవాడికి తెలియదు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒంటరివారే.

అయితే వినేవారు తెలుగువారైతే చాలు, సమస్య తీరిపోతుందనుకోవడం కూడా తొందరపాటే. ఈ పాత స్థావరాలు చిన్నవి, మేనరికాలతో అల్లుకుపోయినవి. వీధిలో సగం మంది మేనమామలు, వదినలు, వియ్యంకులు. ఆడపిల్లకు నిద్ర పట్టడం లేదని ఒక్కరి చెవిన పడితే సంబంధం చెడుతుందేమోనన్న భయం. అందుకే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నామని ఎవరూ అనరు, 'నరాల డాక్టరు' అంటారు. గుట్టు అనేది ఈ కుటుంబాలకు అలంకారం కాదు, బతుకుతెరువుతో ముడిపడిన విషయం. కనుక కావలసింది కాస్త చిక్కైన ఏర్పాటు: మాట దగ్గరిది, మనిషి దూరపువాడు. ఇంటి తెలుగు తెలిసి, ఇంటి బంధువు కానివారు.

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబండా సరిగ్గా ఈ ముడినే విప్పారు. 2006లో హరారేలోని ఎంబారే పేటలో 14 మంది పెద్దవయసు మహిళా ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈ 'స్నేహపు బెంచీ'కి వచ్చేవారిని డిప్రెషన్ ఉందా అని అడగరు. షోనా భాషలో 'కుఫుంగిసిసా' అనే మాట ఉంది. తెగని ఆలోచనల్లో పడి కుమిలిపోవడం దాని అర్థం. ఆ మాటతోనే మొదలుపెడతారు. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రిక 'జామా'లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు చికిత్స పొందినవారిలో దాదాపు సగం మందికి కుంగుబాటు లక్షణాలుంటే, బెంచీ మీద కూర్చుని మాట్లాడినవారిలో అవి 14 శాతం మందికే మిగిలాయి. ఆ అవ్వలు పేటలోవారే. కానీ క్లినిక్ బెంచీ మీద కూర్చున్నప్పుడు వారు పక్కింటి మనుషులు కారు, విన్నది బయటపెట్టని బాధ్యత ఉన్నవారు. 'కుమిలిపోవడం' అనే మాట మన దగ్గరా ఉంది. బెంచీ వేయడమే మిగిలింది.

తెలుగునాట ఇలాంటి ప్రయత్నం జరగకపోలేదు. పశ్చిమ గోదావరిలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' ప్రాజెక్టు కింద ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, కుంగుబాటును, ఆందోళనను పసిగట్టే ప్రశ్నలు ఇంటింటా తెలుగులో అడిగించారు. తమిళనాడులో ఇంటింటికీ వెళ్లే వ్యవస్థ ఇప్పటికే ఉంది. 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. స్వయం సహాయక సంఘాల మహిళలు బీపీ, షుగరు మందులు గుమ్మం దాకా తెచ్చిస్తున్నారు. బీపీ చూసే అదే చేతులు రెండు ప్రశ్నలు అడగడానికి కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. తెలుగు పేటలకు తెలుగు తెలిసిన కార్యకర్తను, అదీ పక్క వీధి నుంచి, పంపితే చాలు. పశ్చిమ గోదావరి ప్రశ్నలను కోయంబత్తూరు తెలుగు నుడికారంలోకి మార్చుకోవడానికి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒకసారి కూర్చుంటే సరిపోతుంది.

ఇక గుడి సంగతి. కష్టమొస్తే ఈ కుటుంబాలు ముందు వెళ్లేది కులదైవం దగ్గరికే. దేవాంగులకు చౌడేశ్వరి, రాజకంబళంవారికి జక్కమ్మ. దీన్ని మూఢత్వమని కొట్టిపారేసేవారు ఒక అధ్యయనం చూడాలి. తమిళనాడులోని వేలాయుదంపాళయంపుదూరులో ముత్తుస్వామి గుడికి వచ్చి కొన్ని వారాలు ఉన్న 31 మంది మానసిక రోగులను నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించారు. మందుల్లేకుండానే వారి లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గిందని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. తోడున్న కుటుంబం, కసురుకోని మనుషులు, చేయడానికి చిన్న పనులు అక్కడ మందులా పనిచేశాయి. దీనికి ఒక ఏడాది ముందే, 2001 ఆగస్టు 6న, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ఇలాంటి ఆశ్రయాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. తేడా దేవుడిలో లేదు, గొలుసులో ఉంది. మదురైకి కొద్ది గంటల ప్రయాణ దూరంలో జరిగిన ఘోరమిది. గుడి పెద్దలు రోగిని చేరదీయవచ్చు, పూజారి విభూతి పెట్టవచ్చు. కట్టేయడం, కొట్టడం మాత్రం నేరమని, మందు మాన్పించడం తగదని ప్రతి కులదైవం గుడి ముంగిట తెలియాలి. పూజారికి ఆస్పత్రి ఫోన్ నంబరు తెలిసి ఉండాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఈ ఊళ్లలో తలెత్తకూడదు. పీలమేడుకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడు ఆస్తిని నలుగురు కొడుకులు ఐదు భాగాలు చేసి, ఐదో భాగాన్ని ధర్మానికి విడిచిపెట్టారు. 1926లో అలా పుట్టిన సంస్థ నీడలోనే ఈనాటి పి.ఎస్.జి. కాలేజీలు, ఆస్పత్రి నడుస్తున్నాయి. తెలుగు మూలాలున్న కుటుంబంలో వడమలాపురంలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఉద్యోగ విరమణ తర్వాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి తెరిచారు. రోగి వచ్చేదాకా కూర్చోలేదు, శిబిరాలతో పల్లెకే వెళ్లారు. కళ్లకు జరిగింది మనసుకు ఎందుకు జరగకూడదు? తెలుగు సంఘాల కల్యాణమండపాలు ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా ఉంటాయి. వారానికో పూట అక్కడ ఒక సలహాదారు కూర్చోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఒక్క షరతు. ఆ తలుపు కులం చూసి తెరవకూడదు. కోయంబత్తూరు వీధులు ఊడ్చే, మురుగు తీసే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారికి మండపాలు లేవు, ట్రస్టులు లేవు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారిలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా రోజుకూలీలేనని అదే నేర గణాంకాలు చెబుతున్నాయి. తెలుగువారి సాయం అంటూ మొదలైనది నాయుడుల వీధి చివర ఆగిపోతే, సాయం ఎక్కువ అవసరమైన తెలుగువారిని వదిలేసినట్టే.

ఇవన్నీ ఏర్పడేలోగా ఈ రాత్రే ఎవరింట్లోనైనా ఆపద రావచ్చు. 'ఇక బతకాలని లేదు' అని ఒక మనిషి అన్నప్పుడు చుట్టూ ఉన్నవారు చేయవలసింది అంత కష్టమైనదేమీ కాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి అడగడమే ఊరట. మనిషిని ఒంటరిగా వదలకూడదు. హాని చేసే వస్తువులు అందుబాటులో లేకుండా చూడాలి. ప్రాణాపాయం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేయవద్దు. 2017 చట్టం 115వ సెక్షన్ ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూస్తుంది, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెడుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309వ సెక్షన్ లేదు.

మాట్లాడటానికి రాత్రీ పగలూ పలికే ఉచిత నంబరు 14416, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ 20 భాషల్లో అందుతోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లో తెలుగులో వినేవారున్నారు. కోయంబత్తూరు నుంచి మోగిన ఫోను, తెలుగు కావాలన్న మరుక్షణం వారిని చేరాలి. మాట దగ్గరిది, మనిషి దూరపువాడు అన్న ఏర్పాటుకు ఇంతకన్నా సిద్ధమైన మార్గం లేదు. తమిళనాడు కేంద్రం ఆ దారిని సులువు చేసి, ఆ సంగతి పేటల్లో చాటించాలి. చాటింపు బోర్డు తెలుగు లిపిలో రాస్తే అక్కడ చదవగలిగేవారు తక్కువ. తమిళంలో 'మన అళుత్తం' (మానసిక ఒత్తిడి) అని రాస్తే తనకు సంబంధించినది కాదని పెద్దావిడ పక్కకు తప్పుకుంటుంది. రేషన్ షాపు గోడ మీద, చౌడేశ్వరి గుడి ముందు, కార్పొరేషన్ కార్మికుల హాజరు వేసే చోట తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు రాయాలి: "మనసులో బెంగగా ఉందా? 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడవచ్చు."