చిన్న విమానముల పతనము

విమానము కూలినదను వార్త వినినంతనే యంత్రము చెడినదని తలచుట లోకమునకు అలవాటు. స్వంతముగ నడుపుకొను చిన్న విమానముల విషయమున ఈ నేరారోపణ పలుమారు నిలువదు. యంత్రము చక్కగ పనిచేయుచుండగనే, ఱెక్క విఱుగకయే, అవి నేల గూలుచున్నవి. 'స్టాల్' అనునది ఇందుకొక ముఖ్యకారణము.

ఎదురుగ వచ్చు గాలికి ఱెక్క ఒక హద్దుకోణము వఱకే వాలి విమానమును మోయగలదు. సామాన్యముగ ఆ హద్దు ఇంచుమించు 15 డిగ్రీలు. అది మీఱినచో ఱెక్కమీది గాలి చెదరి, మోయు బలము సడలును. వేగము తగ్గినప్పుడే ఇట్లగునని పలువురు తలతురు. అట్లు గాదు, ఎంత వేగమున నున్నను హద్దు మీఱవచ్చును. ఎత్తు తగ్గక 60 డిగ్రీలు ఒరగి తిరుగు విమానము ఱెక్కలపై బరువు రెట్టింపగును. తిన్నగ పోవునపుడు గంటకు 50 మైళ్ల వేగమున స్టాలగు విమానము, అట్లు తిరుగునపుడు సుమారు 71 మైళ్ల వేగముననే స్టాలగును.

దిగుటకు ముందటి కడపటి మలుపు ఇందువలననే కడు ప్రమాదకరము. మలుపు ఆలస్యమై దిగుదారి దాటిపోయినచో చోదకుడు ఇంకను బిగించి తిరుగజూచును. నేల సమీపించుట గాంచి నడుపు కడ్డీని వెనుకకు లాగును. చేయవలసినదో, ముందుకు నెట్టి ముక్కు దించుట! ప్రాణభయము ఒకటి చెప్పును. శాస్త్రము వేఱొకటి చెప్పును.

ఈ సత్యము క్రొత్తది గాదు. 1896లో జర్మనీదేశమున గ్లైడరు స్టాలగుటచేతనే ఒట్టో లిలియెంతాల్ పడి మరణించెను. 1980 జూన్ 23న ఢిల్లీలో విన్యాసములు సలుపుచుండగ విమానము అదుపు తప్పి సంజయ్ గాంధీ మరణించెను. చిన్న విమానములు అదుపు తప్పుటను, ముఖ్యముగ నివారింపవలసిన ప్రమాదముల పట్టికలో అమెరికా రవాణా భద్రతా మండలి 2015లో చేర్చెను.

సుడి తిరుగుచు పడు 'స్పిన్' నుండి తేరుకొను అభ్యాసమును స్వంత చోదకులకు విధింప నక్కఱలేదని అమెరికాలో 1949లో నిర్ణయించిరి. దానిని మరల విధింపవలెనని వాదించువారు కలరు. వారి ఆవేదన న్యాయమే. కాని కొన్ని వందల అడుగుల ఎత్తున స్పిన్‌లో పడినవానికి విద్య యున్నను తేరుకొనుటకు చోటు చాలదు. కావున పడకుండుటయే పరమవిద్య యని మా యభిప్రాయము.

గంటలు లెక్కించి లైసెన్సు నిచ్చుటతో గురువుల బాధ్యత తీఱదు. ముక్కు దించుట చేతికి అలవడువఱకు, మలుపు తప్పినచో దిగు యత్నము మాని మరల చుట్టివచ్చుట అవమానము గాదని మనసున నాటువఱకు, శిష్యుని ఒంటరిగ విడువరాదు. వెనుక సీటున కూర్చుండు బిడ్డలు శాస్త్ర మెఱుగరు. వారు నమ్మి యెక్కినది ఆ చేతినే.