పంగలకర్ర ముందే కోసిపెట్టుకోవాలి

జంక్షన్ కబుర్లు
– స్వర్ణముఖి

రేణిగుంట చుట్టుపక్కల చెనిక్కాయ చేలో పాము కరిచిన మనిషిని తిరుపతి రుయా ఆస్పత్రికి తీసుకుపోతే, సెలైన్‌లో కలిపి ఎక్కించే మందు ఏమిటో చాలామందికి తెలియదు. అది యాంటీబాడీ ముక్క. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఆ విషం చాలావరకు మనకు పక్కనే, మహాబలిపురం దగ్గరి ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నుంచే పోతుంది. గుర్రం రక్తంలో విరుగుడు యాంటీబాడీలు పుట్టాక వాటిని వేరుచేసి, పెప్సిన్ అనే ఎంజైముతో కోస్తారు.

ఎందుకు కోయడం? యాంటీబాడీ పంగలకర్రలాగా ఉంటుంది. పైనున్న రెండు పంగలు విషాన్నో వైరస్‌నో ఒడిసిపడతాయి. కింది పిడి మన ఒంట్లోని కాపలా కణాలను పిలుస్తుంది. గుర్రం పిడి మనిషి ఒంటికి పడక దద్దుర్లు, జ్వరం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అందుకని పిడి నరికేసి పంగలు మాత్రం సీసాకెత్తుతారు. మన పల్లెల్లో ఎందరో ఆ పంగల పుణ్యాన బతికి తిరుగుతున్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కొందరికి ఈ పాత విద్యే గుర్తొచ్చింది. పాము విరుగుడు తయారుచేసే విన్స్ బయోప్రొడక్ట్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ చేతులు కలిపాయి. యూనివర్సిటీ నుంచి నూరుద్దీన్ ఖాన్, సీసీఎంబీ నుంచి వైరస్‌ల నిపుణుడు కృష్ణన్ హర్షన్ ఆ పనిలో ఉన్నారు. చంపేసిన వైరస్‌ను గుర్రాలకిచ్చి, పుట్టిన యాంటీబాడీల పిడి తీసేసి, దానికి విన్‌కోవ్-19 అని పేరు పెట్టారు. ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోనే ఉన్న బయలాజికల్ ఇ కూడా ఇలాంటి ప్రయత్నమే చేసి 2020 అక్టోబరులో ప్రకటించాయి.

పని మంచిదే. కాలమే కలిసిరాలేదు. విన్‌కోవ్‌ను మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి 2021లో వచ్చింది, రెండో దశ ముగిసేసరికి 2022 వచ్చేసింది. ఈలోపు రెండో అల ఊళ్లను ఊడ్చేసి పోయింది. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమై, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది పోయారు. అదే నెలలో విదేశీ యాంటీబాడీల జోడీ ఒకటి మన మార్కెట్లోకి దిగింది, మనిషికి 59,750 రూపాయలు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఒమిక్రాన్ రూపం మార్చుకొచ్చింది, ఆ మందు దాని మీద పనిచేయడం లేదని అమెరికా వాళ్లే పక్కన పెట్టేశారు. ఇందులో శాస్త్రవేత్తల తప్పేమీ లేదు. ముంచుకొచ్చాక మొదలుపెట్టిన పని ఎంత పరుగెత్తినా అలకు వెనకాలే ఉంటుంది.

గుర్రాల పద్ధతికి ఇంకో చిక్కుంది. ప్రతి కొత్త వైరస్‌కూ మళ్లీ గుర్రాన్ని తయారుచేయాలి, నెలలు ఆగాలి, రక్తం తీయాలి. ఇక్కడే ఇంజినీరింగ్ చేసిన ముక్కలు వేరే దారి చూపిస్తాయి. 1993లో బెల్జియం శాస్త్రవేత్తలు ఒంటె రక్తంలో ఓ వింత చూశారు. మామూలు యాంటీబాడీలో రెండు రకాల గొలుసులు కలిస్తేగానీ పట్టు ఉండదు, ఒంటెకు మాత్రం ఒక్క రకం గొలుసుతోనే పనయ్యే యాంటీబాడీలు కూడా ఉన్నాయి. ఆ గొలుసు కొసనున్న చిన్న తునకే నానోబాడీ. బరువులో మామూలు యాంటీబాడీకి పదో వంతు. వేడికి అంత తొందరగా పాడవదు. దాని జన్యువును బాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెడితే ట్యాంకుల్లో పెంచుకోవచ్చు, నెబ్యులైజర్‌తో నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపొచ్చు. కోట్ల రకాల తునకల్లోంచి వైరస్‌ను పట్టే ఒక్కదాన్ని ఏరడానికి ఫేజ్ డిస్‌ప్లే అనే ఉపాయం ఉంది. దానికే జార్జ్ స్మిత్, గ్రెగరీ వింటర్‌లకు 2018లో నోబెల్ వచ్చింది.

ఈ కథలో నాకు నచ్చిన పాత్ర ఓ లామా. ఒంటెకు దక్షిణ అమెరికా చుట్టం. పేరు కూడా వింటరే. 2016లో, కరోనా మాటే లోకానికి పట్టనప్పుడు, బెల్జియంలో దానికి పాత సార్స్, మెర్స్ వైరస్‌ల ముల్లు ప్రోటీన్లు ఎక్కించారు. నాలుగేళ్ల తర్వాత కొత్త వైరస్ వచ్చింది. నాడు సార్స్ కోసం ఏరిపెట్టిన తునకే దీన్నీ పట్టుకుంది. కాస్త బలహీనంగా పట్టిందని, దానికి మనిషి యాంటీబాడీ పిడి అతికించి పట్టు పెంచారు. చూశారా, గుర్రం పిడి నరికారు, లామా ముక్కకు పిడి తగిలించారు! 2020 మేలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సార్స్ పోయిందిగదా, దాని మీద ఇంకా డబ్బెందుకని 2016లో ఎవరైనా ఫైలు మూసేసి ఉంటే అది ఉండేది కాదు.

అలాగని నానోబాడీని నెత్తిన పెట్టుకోవద్దు. ఒంట్లోకి ఎక్కిస్తే ఆ చిన్న తునక గంటల్లో కిడ్నీల గుండా వడకట్టుకుపోతుంది. పసిపిల్లలకు ఆయాసం తెప్పించే ఆర్‌ఎస్‌వీ వైరస్ మీద అబ్లింక్స్ కంపెనీ పీల్చే నానోబాడీ చేసి, ఆస్పత్రిలో చేరిన పిల్లలకిచ్చి చూసింది. వైరస్ తగ్గింది, పిల్లలు మాత్రం తొందరగా కోలుకోలేదు. అప్పటికే ఊపిరితిత్తులు వాచిపోయి ఉంటే వైరస్‌ను పట్టి ఏం లాభం? అదే ఆర్‌ఎస్‌వీకి నిర్సెవిమాబ్ అనే పూర్తి యాంటీబాడీని జబ్బు రాకముందే ఒక్క సూదిగా ఇస్తే ఆ సీజనంతా కాపు కాస్తోంది. 2022లో యూరప్‌లో, 2023లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

ఇక మన సంగతి. రేణిగుంట స్టేషన్‌లో దిగి శ్రీకాళహస్తి వైపు పోతే ఏర్పేడు మండలంలో ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ రెండూ ఉన్నాయి. తిరుపతి వైపు తిరిగితే 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల, స్విమ్స్ ఆస్పత్రిలో వైరస్‌ల ల్యాబు, రుయాలో పిల్లల వార్డులు. ఏ మూల నుంచి ఏ మూలకైనా బస్సులో గంట, గంటన్నర. ప్రోటీన్ చదివేవాళ్లు ఒకచోట, జంతువులను సాకేవాళ్లు ఒకచోట, రోగిని చూసేవాళ్లు ఒకచోట. పరిశోధన డబ్బు మాత్రం ఎవరి వాకిట్లో వాళ్లకు విడివిడిగా పడుతుంది, ఒకరి ఫ్రీజర్‌లో ఏముందో ఇంకొకరికి అక్కర్లేదు.

ఒంటెల్లేవుగదా అని అడ్డం చెప్పక్కర్లేదు. ఈస్ట్ మీద కట్టిన కృత్రిమ నానోబాడీ లైబ్రరీ 2018లోనే వచ్చింది, జంతువుతో పనే లేదు. కరోనాలాంటి అసలు వైరస్‌ను పెంచడానికి పెద్ద కట్టుదిట్టమైన ల్యాబు కావాలి, నిజమే. తొలి వడపోతకు మాత్రం జబ్బు చేయని సూడోవైరస్ చాలు. దేని మీద మొదలుపెట్టాలంటే ఆర్‌ఎస్‌వీ మీదనే అంటాను. దానికోసం కొత్త మహమ్మారి రావాల్సిన పన్లేదు, వానలు పడి చలి ఎక్కేసరికి ఏటా అదే వస్తుంది. అబ్లింక్స్ తునక ఎక్కడ తప్పిందో అచ్చులో ఉంది. ఈసారి దాన్ని ఆయాసం మొదలయ్యాక కాకుండా ముందే ఎలా ఇవ్వాలి, గంటల్లో కొట్టుకుపోకుండా ఏ పిడి తగిలించాలి అన్నది ఏర్పేడులో పీహెచ్‌డీ చేసే పిల్లలకు మంచి ప్రశ్న. ఆ ప్రశ్న వేయించడానికి కావాల్సింది ఈ ఐదు సంస్థలకూ కలిపి ఒకే పద్దు, కనీసం ఐదేళ్లపాటు, మధ్యలో ఏ అలా లేకపోయినా ఆపని పద్దు.